నీళ్లలా ఉండమంటే ఉన్నాను, ఇప్పుడు అందరి పనీ నా మీదికే పారుతోంది

ఆన్‌కాల్_రాత్రులు
మాది ప్రొడక్షన్ సపోర్ట్, అంటే నడుస్తున్న సాఫ్ట్‌వేర్ ఆగిపోతే సరిచేసే పని. ఆఫీసు బెంగళూరులో బెల్లందూరు దగ్గర, ఇల్లు మారతహళ్లి. పదకొండేళ్ల సర్వీసు, ఇప్పుడు టీం లీడ్‌ని. నిరుడు ఆన్‌కాల్‌లో (రాత్రి ఫోన్ మోగితే లేచి చూడాల్సిన వంతు) వరసగా మూడు రాత్రులు నిద్ర లేక, నాలుగో రోజు పొద్దున మెట్ల మీద కళ్లు తిరిగి కూలబడ్డాను. బీపీకి మందు రాసిన డాక్టరు గారు "కాస్త నెమ్మదించండి" అన్నారు. ఎలాగో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

అప్పుడే ఒక ఫ్రెండు, పాతకాలపు చైనా జ్ఞాని లావోజు పుస్తకం తావో తె చింగ్ ఇచ్చాడు, ఇంగ్లిషు అనువాదం. 81 అధ్యాయాలు, ఒక్కోటి పేజీ కూడా నిండదు. ఆఫీసు బస్సులో చదివాను. 8వ అధ్యాయం దగ్గర ఆగిపోయాను. అన్నిటికన్నా గొప్ప మంచితనం నీళ్లలాంటిదట. అందరికీ మేలు చేస్తుంది, ఎవరితోనూ పోటీ పడదు, జనం ఇష్టపడని పల్లంలో ఉంటుంది. ఆ రోజు ఎందుకో కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆరు నెలలు అలాగే ఉన్నాను. మీటింగుల్లో వాదించడం మానేశాను. నా వల్ల కాదు అనడం మానేశాను. మొదటి రెండు నెలలూ హాయిగా ఉంది, అబద్ధం చెప్పను. తర్వాత మొదలైంది. పక్క టీం టికెట్లు (సమస్యల ఫిర్యాదులు) నాకు, ఇంకో టీం వాళ్ల డేటా మార్పిడి నాకు. మా ఫ్లోర్‌లో పల్లం ఎక్కడుందో అందరికీ తెలిసిపోయింది. పోయిన శుక్రవారం సాయంత్రం ఆరున్నరకి, మాది కాని పని ఒకటి మా నెత్తిన పడింది. ఆ సాయంత్రమే మా పాప స్కూల్లో మొదటిసారి స్టేజీ ఎక్కింది. నేను వీడియోలో చూశాను.

నేను తప్పుగా అర్థం చేసుకున్నానా? లేక ఈ జ్ఞానం కొండల్లో ఉండేవాళ్లకే పనికొస్తుందా, అప్రైజల్ ఉన్నవాళ్లకి పనికిరాదా? చదివినవాళ్లెవరైనా చెప్పండి.

కడపకారం
తమ్ముడూ, ఎనిమిది కాడనే నిలబడిపోయినావు. 78 చదువు. నీళ్లకంటే మెత్తనిది లేదు, గట్టిదాన్ని అరగదియ్యడంలో నీళ్లను మించింది కూడా లేదు అంటాడు ఆడ. మా గండికోట లోయ చూసినావా? ఆ రాయిని కోసింది పెన్నేరు. ఒక్క రోజు కూడా రాయితో కొట్లాడలే. రాయే పక్కకు జరిగింది.

ఉలవచారు77
గండికోటకి లక్షల ఏళ్లు పట్టింది అన్నా. ఈయనకి శుక్రవారం ఆరున్నర లోపల కావాలి.

కడపకారం
@ఉలవచారు77 నగు నగు. లోయకు లక్షల ఏండ్లే, మొదటి గీత పడేదానికి అన్ని అక్కర్లే.

మల్లేశ్వరం_మెట్లు
కాదనడం రాకపోవడం వేరు, పోటీ పడకపోవడం వేరు. మీరు మొదటిదానికి రెండోదాని పేరు పెట్టుకున్నారేమో చూడండి. నేనూ చాలా ఏళ్లు అదే చేశాను, అందుకే గుర్తుపట్టగలిగాను.

గీతాపారాయణం
ఇంత దూరం చైనా వెళ్లడం దేనికండీ. "కర్మణ్యేవాధికారస్తే", రెండో అధ్యాయం 47వ శ్లోకం. పని మీది, ఫలం మీది కాదు. మన ఇంట్లో ఉన్నదే.

ఎర్రచందనం_నీడ
@గీతాపారాయణం గారూ, ఫలం మీద ఆశ వద్దనడంలో ఇద్దరూ దగ్గరే, కాదనను. కానీ ఒకటే అనకండి. అర్జునుడు విల్లు కింద పెట్టేస్తే కృష్ణుడు లేవదీసి యుద్ధం చెయ్యమన్నాడు. లావోజు 31వ అధ్యాయంలో ఆయుధాలు అశుభం అంటాడు, గెలిచిన యుద్ధాన్ని కూడా చావు కర్మలా జరుపుకోమంటాడు. ఒకరు "నీ ధర్మం నువ్వు చెయ్యి" అంటే, ఇంకొకరు "అంత గట్టిగా పట్టుకోకు" అంటున్నారు. ఆన్‌కాల్ తమ్ముడికి ఇప్పుడు ఏది కావాలన్నదే ప్రశ్న.

గీతాపారాయణం
ఆ తేడా ఒప్పుకుంటాను. కానీ ఆయనకి కావాల్సింది మొదటిదే అని నా నమ్మకం. తండ్రిగా ఆ సాయంత్రం స్కూల్లో ఉండటం కూడా ధర్మమే కదా.

ఆన్‌కాల్_రాత్రులు
ఆ మాట తగిలిందండీ. నిజమే.

రెండో_షిఫ్ట్
నా మాట కటువుగా ఉండొచ్చు, అయినా చెప్పాలి. మా ఇంట్లోనూ ఇలా నీళ్లలా ప్రశాంతంగా ఉండే మనిషి ఉన్నారు. చాలా మంచివారు. 2024 ఎండాకాలం బెంగళూరులో నీళ్ల కటకట మీకందరికీ గుర్తుండే ఉంటుంది. మా అపార్ట్‌మెంటులో రెండు బోర్లూ ఎండిపోయాయి. "వస్తాయిలే, కంగారుపడకు" అనేవారు ఆయన. వచ్చాయి. ఎలా వచ్చాయి? తెల్లవారుజామున నాలుగింటికి లేచి ట్యాంకర్ అతనికి ఆరుసార్లు ఫోన్ చేసి, గేటు తీయించి, సంపు నిండేదాకా నైటీ మీద శాలువా కప్పుకుని నేను నిలబడితే వచ్చాయి. ఏడింటికి ఆయన కుళాయి తిప్పి, "చూశావా, వచ్చాయి" అన్నారు.

వదిలేసిన పని ఆవిరైపోదండీ. ఇంకొకరి చేతిలో పడుతుంది. ఆఫీసులో అందరూ వదిలేసింది మీ చేతిలో పడింది, అందుకే బాధ మీకు తెలిసింది. మీరు ఆ ఆరు నెలలూ రాత్రి పదింటికి ఇంటికొస్తుంటే, ఇంట్లో మీ వాటా ఎవరి చేతిలో పడింది? ఆ పుస్తకం నేనూ చదివాను. లోయ గురించి, ఆడతనం గురించి 6లోనూ 28లోనూ ఎంత గౌరవంగా చెప్పాడో! అది చదివిన మగవాళ్లు సంపు దగ్గరికి కూడా రావాలని మనసారా కోరుకుంటున్నాను.

ఆన్‌కాల్_రాత్రులు
అక్కా, రాత్రి ఈ పోస్టు మా ఆవిడకి చూపించాను. చదివి ఏమీ అనలేదు. ఫోన్ తిరిగి ఇచ్చి, "పాప యూనిఫాం ఇస్త్రీ చెయ్యాలి" అంది. చేశాను. ఆ చిన్న కాలరు ఇస్త్రీ చెయ్యడం ఇంత కష్టమని నాకు తెలియదు. మధ్యలోంచి మొదలుపెడితే చివర్లు మడత పడుతున్నాయి.

రెండో_షిఫ్ట్
చివర్ల నుంచి మధ్యకి లాగండి. కాస్త తడి చేసి.

చట్టీ_గరిటె
నేను సాఫ్ట్‌వేర్ కాదు. బీటీఎంలో మెస్ నడుపుతాను, మాది నెల్లూరు పక్కన. రాత్రి పాత్రలు సర్దాక ఇక్కడ చదువుతుంటా. ఈ లావోజు పుస్తకం మా మెస్‌లో తినే ఒక కుర్రాడు డబ్బు కౌంటర్ మీద మరిచిపోతే తిరగేశా. ఎక్కడ తెరిస్తే అక్కడ చదివా. 60వ అధ్యాయం. పెద్ద రాజ్యాన్ని ఏలడం చిన్న చేపలు వండటం లాంటిది అన్నాడు. అంతే, ఇంక వివరం లేదు. చదివిన కుర్రాడికి అర్థం కాలేదంట. నాకు మాత్రం ఒళ్లు జలదరించింది. వంట తెలిసినోడు రాసిన మాట అది.

చెప్తా వినండి. చేపల పులుసు మట్టి చట్టిలో పెడతాం. చింతపండు పులుసు బాగా తెర్లినాక చేప వెయ్యాలి. వేసేదాకా ఎంతైనా తిప్పు, రుచి చూడు, ఉప్పు కారం సరి చెయ్యి. వేసినాక గరిటె ముట్టకూడదు. అందులోనూ నెత్తళ్లు, పరిగెలు లాంటి చిన్న చేపలైతే అసలు కూడదు. చట్టి అంచుని రెండు వైపులా గుడ్డతో పట్టుకుని, మొత్తంగా ఒకసారి ఇట్లా తిప్పి దించాలి. పులుసు తిరుగుతాది, చేప చెదరదు. మామిడికాయ ముక్కలు వేసి మూత పెట్టి పక్కకి పోవాల. ఆ పక్కకి పోవడమే కష్టం.

పోయిన నెల కొత్తగా చేరిన పిల్లోడు ఉడికిందా లేదా అని నిమిషానికోసారి గరిటె పెట్టి చూశాడు. ప్రేమతోనే చూశాడు, పాపం. మూత తీస్తే కండ వేరు, ముల్లు వేరు. పులుసంతా ముళ్లే. ఆ పూట అరవై మందికి పప్పుతో సరిపెట్టా.

చేపల పులుసు చేసేవాడు ఏమీ చెయ్యట్లేదు అనగలరా? కళ్లు చట్టి మీదే ఉంటాయి, ముక్కు అక్కడే ఉంటుంది. మంట ఎప్పుడు తగ్గించాలో తెలుసు. గరిటె మాత్రం పెట్టడు. అన్నా, నువ్వు మంట దగ్గర నుంచి కూడా లేచిపోయినట్టున్నావ్.

ఉలవచారు77
పొద్దున పదకొండుకి ఇది చదివించడం అన్యాయం. స్టాండప్‌లో (రోజూ జరిగే టీం మీటింగు) ఉన్నా, నోట్లో నీళ్లూరుతున్నాయి.

మధ్యలో_మద్దెల
మేనేజర్‌ని మాట్లాడుతున్నా. చట్టీ_గరిటె గారి పోస్టు ప్రింటు తీసి డెస్కులో పెట్టుకున్నాను. రెండేళ్ల కిందట నేను ఆ గరిటె పెట్టిన పిల్లోడినే. రెండు గంటలకోసారి స్టేటస్ కాల్. పైనుంచి నన్ను అడుగుతారు, నేను కింద అడుగుతాను. ప్రతి కాల్‌కీ ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు పోతే, తిరిగి పనిలో పడటానికి ఇంకో ఇరవై. పని ముక్కలు ముక్కలై ముళ్లు తేలడం నా కళ్లతో చూశాను. ఇద్దరు మంచి పిల్లలు వెళ్లిపోయారు. వెళ్లేటప్పుడు ఒకమ్మాయి, "మీరు చెడ్డవారు కాదు సార్, కానీ ఊపిరాడట్లేదు" అంది.

17వ అధ్యాయంలో ఉంది. అన్నిటికన్నా మంచి నాయకుడు ఉన్నట్టు కూడా జనానికి పెద్దగా తెలియదు. పని పూర్తయ్యాక "మేమే చేసుకున్నాం" అనుకుంటారు. ఇది చదివి, రోజంతా కాల్స్ తీసేసి సాయంత్రం నాలుగింటికి ఒక్కటి పెట్టాను. మిగతా రోజంతా పైనుంచి వచ్చే ప్రశ్నలకి నేనే జవాబు చెప్తా, కిందికి పోనివ్వను. బయటికి ఇది ఏమీ చెయ్యనట్టే కనిపిస్తుంది. నా ఉద్యోగంలో ఇంత కష్టపడి ఏ పనీ చెయ్యలేదు. అప్రైజల్‌లో "చొరవ తక్కువ" అని రాశారు. బాధేసింది. అయినా మళ్లీ గరిటె పట్టను.

మల్లేశ్వరం_మెట్లు
చొరవ తక్కువ అని రాసినవాళ్లకి ఆ పులుసు తినిపించాలి.

వేరుశనగ_చేను
మాది అనంతపురం జిల్లా. ఇక్కడ వైట్‌ఫీల్డులో టెస్టింగ్ చేస్తున్నా. మొదటి పోస్టు చదివినప్పటి నుంచి ఒక మాట నాలుక చివర ఆడుతోంది, ఈ రోజు దొరికింది. వాటం.

మా నాయన బోరు ఆన్ చేసే ముందు చేను చుట్టూ ఒకసారి తిరుగుతాడు. భుజాన పార. నేల వాటం ఎటుందో కాళ్లకి తెలుస్తాది ఆయనకి. నీళ్లు కాలవలో వస్తుంటే ఒక చోట రెండు పారల మన్ను తీసి మడవ (నీళ్లు మళ్లించే గండి) తిప్పుతాడు. కయ్య (మడి) నిండేదాకా గట్టు మీద కూర్చుని బీడీ తాగుతాడు. నిండినాక అదే మన్ను పెట్టి మూసి, పక్క కయ్యకి తిప్పుతాడు. ఎకరా తడవడానికి ఆయన కదిలించేది నాలుగు పారల మన్ను. చిన్నప్పుడు నేను బకెట్లతో సాయం చెయ్యబోతే నవ్వేవాడు.

ఊవెయ్ అని ఆ పుస్తకంలో వచ్చే మాటని ఏమీ చెయ్యకపోవడం అని అనువాదం చేస్తే మనం సోమరితనం అనుకుంటున్నాం. వాటం చూసి చెయ్యడం అని నాకు అనిపిస్తోంది. వాటానికి ఎదురు తోడితే జీవితమంతా బకెట్లే.

ఇంక అన్న ప్రశ్నకి. నీళ్లు మంచివే. కానీ గట్లు లేని చేలో నీళ్లు ఎవరికీ మేలు చెయ్యవు, పల్లంలో నిలిచి చెట్టు కుళ్లిపోతుంది. అన్నా, నువ్వు నీళ్లలా ఉండటానికి గట్లన్నీ తీసేశావు. మడవ నీ చేతిలోనే ఉంది చూసుకో.

కడపకారం
సరిగ్గా చెప్పినావు పక్క జిల్లా. మడవ అనే మాట విని ఎన్నేండ్లయిందో. మా అబ్బ యాదికొచ్చినాడు.

ఉలవచారు77
అందరికీ ఒక హెచ్చరిక: ఆఫీసులో వాటం చూపించండి, చేతివాటం చూపించకండి. ఉద్యోగం పోతుంది.

ఉలి_చిత్రిక
మా నాన్న వడ్రంగి. వాటం అనే మాట మా ఇంట్లో రోజూ వినేవాళ్లం. చిత్రిక పట్టేటప్పుడు కర్ర నార ఎటు వాలితే అటే తొయ్యాలి. ఎదురు తోస్తే పెచ్చులు లేస్తాయి, బ్లేడూ పోతుంది.

లావోజు దారిలోనే నడిచిన ఇంకో పాత చైనా జ్ఞాని జువాంగ్‌జు. ఆయన గ్రంథంలో డింగ్ అనే వంటవాడి కథ ఉంది. రాజుగారి కోసం ఎద్దుని కోస్తుంటాడు. మామూలు వంటవాడు నెలకో కత్తి మారుస్తాడు, ఎముకల్ని నరుకుతాడు గనక. మంచి వంటవాడు ఏడాదికి ఒకటి. డింగ్ కత్తికి 19 ఏళ్లు, వేల ఎద్దుల్ని కోసింది, అంచు ఇప్పుడే నూరినట్టుంది. కీళ్ల మధ్య సందు ఉంటుంది, నా కత్తికి మందం లేదు, అందుకే ఆడటానికి కావలసినంత చోటుంది అంటాడు. అందరూ ఇక్కడితో ఆపేస్తారు. ఆ తర్వాతిది నాకు ముఖ్యం. ముడి ఉన్న చోటికి వచ్చినప్పుడు అతను కూడా జాగ్రత్తపడతాడు, చూపు నిలుపుతాడు, చెయ్యి నెమ్మదిస్తాడు, కత్తిని ఎంతో కొద్దిగా కదుపుతాడు. 19 ఏళ్ల అనుభవం ఉన్నవాడు!

ఆన్‌కాల్ గారూ, మీ టికెట్లన్నీ ఒకే రకమా? ఎక్కడి నుంచి వస్తున్నాయో ఒక కాగితం మీద రాసి చూశారా ఎప్పుడైనా? కీలు ఎక్కడుందో దొరికితే ఎముక నరకక్కర్లేదు.

ఆన్‌కాల్_రాత్రులు
రాయలేదు. వచ్చింది వచ్చినట్టు మూసేయడమే. ఈ రోజు మొదలుపెడతాను.

పాతలిపి
మధ్యలో ఒక చిన్న సంగతి. తావో అని రాస్తున్నా చైనావాళ్లు డావ్ అన్నట్టు పలుకుతారు, మాట అర్థం దారి. లావోజు జౌ రాజ్యపు గ్రంథాలయంలో పత్రాలు చూసే ఉద్యోగి అని పాత చైనా చరిత్రకారుడు సిమా చియెన్ రాసిన చరిత్రలో ఉంది, అంటే మనలాగే జీతగాడు. రాజ్యం దిగజారుతుంటే వదిలేసి వెళ్తుండగా కనుమ దగ్గర కాపలా అధికారి ఆపి రాయించుకున్నాడని కథ. అసలు ఒకే మనిషి రాశాడా అని పండితులకి సందేహాలున్నాయి. 1973లో మవాంగ్‌డుయ్ సమాధిలో పట్టు మీద రాసిన ప్రతులు దొరికాయి, 1993లో గువోడియన్‌లో అంతకన్నా పాత వెదురు బద్దలు దొరికాయి. ఎవరు రాసినా, కొండ మీద సన్యాసుల కోసమే రాసిన పుస్తకం కాదు. రాజ్యం, పన్నులు, యుద్ధం, అధికారం గురించి పేజీ పేజీకీ ఉంది. మొదటి పోస్టులో అడిగిన ప్రశ్నకి ఇదీ ఒక జవాబు.

సిల్క్‌బోర్డు_స్టీరింగ్
పన్నెండేళ్లుగా బెంగళూరులో క్యాబ్ తోలుతా, మాది చిత్తూరు. సిల్క్‌బోర్డు దగ్గర లేన్ మార్చి మార్చి దూరే బండీ, కుదురుగా ఒకే లేన్‌లో పోయే నా బండీ, హెబ్బాళ దగ్గర మళ్లీ పక్కపక్కనే కలుస్తాయి. చానా సార్లు చూశా. ముందు బండికీ నాకూ మధ్య కొంచెం ఖాళీ వదిలితే క్లచ్చు బతుకుతుంది, మోకాలూ బతుకుతుంది. వెనకోడు హారన్ కొడతాడు. కొట్టనీ.

మధ్యలో_మద్దెల
@సిల్క్‌బోర్డు_స్టీరింగ్ అన్నా, అచ్చంగా 11వ అధ్యాయం! చక్రానికి 30 ఆకులు (చువ్వలు), కానీ నడిమి ఖాళీ వల్లే బండి నడుస్తుంది. కుండ మట్టిదే, కానీ పనికొచ్చేది లోపలి ఖాళీ. మా క్యాలెండర్లో ఆ ఖాళీ కనిపిస్తే ఎవరో ఒకరు మీటింగు పెట్టేస్తారు.

పింక్‌స్లిప్_పదినెలలు
అందరూ బాగా రాస్తున్నారు. కానీ నాకు కోపం వస్తోంది, దాచుకోను. నా ఉద్యోగం పోయి పది నెలలు. హోం లోన్ కిస్తీ నెల నెలా కడుతున్నాను, ఎలా కడుతున్నానో నాకే తెలుసు. తృప్తి, చాలు, వాటం... ఇవన్నీ ఒకటో తారీకున జీతం పడేవాళ్ల మాటలు. నేల ఉంటే కదా వాటం చూడటానికి?

వేరుశనగ_చేను
బ్రో, నీ మాటకి నా దగ్గర జవాబు లేదు. మా నాయనకి కూడా బోరు ఎండిన ఏడాది వాటం, మడవ ఏవీ పనికి రాలేదు. ఆ ఏడాది బెంగళూరొచ్చి వాచ్‌మన్‌గా చేశాడు. టెస్టింగ్ వైపు ఏమైనా చూస్తావా? రెజ్యూమే పంపు, మా దగ్గర రెండు పోస్టులున్నాయి.

రెండో_షిఫ్ట్
@పింక్‌స్లిప్_పదినెలలు మీ కోపం న్యాయం. తృప్తి అనేది మనం మనకి చెప్పుకోవలసిన మాట. లేనివాళ్లకి చెప్పవలసిన మాట కాదు. లావోజు కూడా జనం ఆకలితో ఉన్నారంటే పైవాళ్లు పన్నులు మింగుతున్నందుకే అంటాడు, 75లో. ఆకలిగా ఉన్నవాళ్లని తృప్తిపడమని చెప్పలేదు.

పింక్‌స్లిప్_పదినెలలు
75 తెలియదు. చదువుతా. రెజ్యూమే పంపించా బ్రో.

మూడో_తరం_బెంగళూరు
మా తాతల కాలం నుంచి ఇక్కడే, ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. ఒక తమాషా చెప్తా. కన్నడంలో సాకు అంటే చాలు. తెలుగులో సాకు అంటే వంక. మా ఆఫీసులో కొత్తగా వచ్చిన గుంటూరు అబ్బాయికి కన్నడ మేనేజరు, పని అయిపోయింది ఇంటికి వెళ్లమని "సాకు, సాకు" అంటే, వంకలు చెప్తున్నావని తిడుతున్నాడనుకుని ఇంకో రెండు గంటలు కూర్చున్నాడు.

ఎర్రచందనం_నీడ
నవ్వాను కానీ, మనలో చాలామంది చేస్తున్నది అదే. ఎవరైనా చాలు అంటే వంక అని వినిపిస్తుంది. 46లో ఉంది, చాలనుకోవడం తెలిసినవాడికి ఎప్పుడూ చాలినంత ఉంటుంది అని. తెలుగులో చాలు అంటే నాగటి గీత కూడా. చాలు వెంట చాలు దున్నుకుంటూ పోవడమే.

కోతుల_లెక్క
ఈ ఏడాది మాకు హైక్ లెటర్లు ఇచ్చారు. మొత్తం అంతే, నెల నెలా ఖాయంగా వచ్చే ఫిక్స్‌డ్ తగ్గించి, పనితీరు చూసి ఇచ్చే వేరియబుల్ పెంచారు. ఫ్లోరంతా గోల. జువాంగ్‌జులో కోతుల కథ గుర్తొచ్చింది: పొద్దున మూడు కాయలు, సాయంత్రం నాలుగు అంటే కోతులకి కోపం. సరే, పొద్దున నాలుగు, సాయంత్రం మూడు అంటే సంతోషం. ఏడు ఏడే. కథ గుర్తొచ్చినా కోపం తగ్గలేదు, ఎందుకంటే మా సాయంత్రం నాలుగు వస్తాయో రావో గ్యారంటీ లేదు.

ఉలవచారు77
ఆ కోతులు కూడా ఆఫర్ లెటర్ చూపించమని అడగాల్సింది.

పాతలిపి
లావోజు పుట్టిన దేశంలోనే 996 వచ్చింది. పొద్దున 9 నుంచి రాత్రి 9, వారానికి 6 రోజులు. 2021లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం అది చట్టవిరుద్ధమని చెప్పింది. అదే ఏడాది అక్కడి యువతలో "పడుకుని ఉండిపోదాం" అనే ధోరణి పాకింది. అది ఊవెయ్ కాదు, అలసట. రెండూ పైకి ఒకేలా కనిపిస్తాయి, అదే చిక్కు.

ఏతం_తొక్కినవాడు
నాకు యాభై దాటాయి, డేటాబేస్ పని. ఇప్పుడు ఏఐతో కోడ్ రాయించమని ఒత్తిడి. జువాంగ్‌జులో ఒక ముసలి తోటమాలి ఉన్నాడు. కుండతో నీళ్లు మోసి మళ్లకి పోస్తుంటాడు. కన్ఫ్యూషియస్ శిష్యుడొకడు చూసి, నీళ్లు తోడే ఏతం అని ఒక యంత్రం ఉంది, రోజుకి వంద మళ్లు తడుపుతుంది అంటాడు. నాకు తెలియక కాదు, యంత్రం ఉన్న చోట యంత్రపు చింతలు వస్తాయి, దాంతో మనసూ యంత్రమవుతుంది, సిగ్గుపడి వాడటం లేదు అంటాడు ముసలాయన. మా ఊళ్లో చిన్నప్పుడు ఏతం మీద నడిచినవాణ్ని నేను. మాకు అదే పాతకాలపు వస్తువు, ఆయనకి అదే కొత్త ప్రమాదం! అందుకే ఆ కథని పూర్తిగా ఒప్పుకోలేను. ఏఐ వాడుతున్నాను. కానీ మిగిలిన గంట నాకు రాలేదు, ఇంకో పనితో నిండిపోయింది. ముసలాయన భయపడింది దీనికే అనుకుంటా.

మల్లేశ్వరం_మెట్లు
ఆదివారం లాల్‌బాగ్‌కి వెళ్లినవాళ్లు ఆ పెద్ద బూరుగు చెట్టు దగ్గర ఆగండి. వేళ్లు మనిషి ఎత్తున గోడల్లా ఉంటాయి. బూరుగు కర్ర మెత్తన, తలుపుకీ దూలానికీ రాదు. జువాంగ్‌జు చెప్పిన పనికిరాని చెట్టు ఇలాంటిదే. పనికిరాదని ఎవరూ కొట్టలేదు, అందుకే అంత పెద్దదైంది. నేను రిటైరయ్యాక ఏడాది పాటు నాకు విలువ లేదనుకుని కుమిలిపోయాను. ఆ చెట్టు కింద బెంచీ మీద పోయింది ఆ దిగులు.

ఆన్‌కాల్_రాత్రులు
మూడు వారాలైంది, చెప్పకపోతే బాగుండదు.

ఉలి_చిత్రిక గారు చెప్పినట్టు టికెట్లు రాయడం మొదలుపెట్టాను. పాప నోట్‌బుక్కులో వెనక పేజీ. మూడు వారాల్లో 61 వచ్చాయి. అందులో 38 ఒకే టీం నుంచి, అన్నీ తెల్లవారుజామున. తవ్వితే తేలింది: రాత్రి రెండింటికి దానంతటదే నడిచే ఒక బ్యాచ్ జాబు, అదే సమయానికి నడిచే బ్యాకప్, రెండూ ఒకదాన్నొకటి తొక్కుకుంటున్నాయి. ఏళ్లుగా అంతే. జాబుని 45 నిమిషాలు వెనక్కి జరిపాం. ఒక్క లైను మార్పు. నాలుగు పారల మన్ను కూడా కాదు. ఆ రాత్రి ఫోన్ మోగలేదు. రెండున్నరకి నాకే మెలకువ వచ్చి, ఫోన్ పాడైందేమోనని చూసుకున్నాను.

ఇంకోటి, మడవ. శుక్రవారం నాలుగు తర్వాత వేరే టీం పని తీసుకోం అని మెయిల్ పెట్టాను. పెద్దగా ఏమీ రాయలేదు, మూడు వాక్యాలు. ఒకాయన గట్టిగా అరిచాడు, పైవాళ్లకి ఎస్కలేట్ చేశాడు. వెంటనే జవాబు కొట్టబోయి ఆగాను. బురదనీళ్లని కదపకుండా ఉంచితే వాటంతట అవే తేటపడతాయని 15లో చదివాను. భోజనం చేసి వచ్చాక రాశాను. రాయాలనుకున్న వాటిలో సగం అక్కర్లేకపోయింది. ఆయన ఇప్పటికీ నాతో మాట్లాడట్లేదు. అది బాధగానే ఉంది. బీపీ మందు కూడా కొనసాగుతోంది.

పాప స్టేజీ మీద డాన్సు చేసిన సాయంత్రం తిరిగి రాదు. మొన్న ఇంట్లో మళ్లీ చేసి చూపించమంటే, "నాన్నా, అందరూ ఉంటేనే వస్తుంది" అంది.

రెండో_షిఫ్ట్
వచ్చే ఏడాది మొదటి వరసలో కూర్చోండి. మీ ఆవిడ ఏమన్నారు?

ఆన్‌కాల్_రాత్రులు
కాలరు ఇస్త్రీ బాగుంది అంది.

చట్టీ_గరిటె
ఈ ఆదివారం ఒంటిగంటకి మెస్‌కి రండి, వీలున్నోళ్లు అందరూ. పింక్‌స్లిప్ తమ్ముడూ, నువ్వు తప్పకుండా రావాల. పొద్దున్నే రస్సెల్ మార్కెట్‌కి పోయి నెత్తళ్లు తెస్తా, దొరక్కపోతే పరిగెలు. ఎంత మందో శనివారం లోపల చెప్పండి. చట్టి ఏ సైజుది దించాలో చూసుకోవాల.

కడపకారం
నాకు ముళ్లు తీసే ఓపిక లేదబ్బా, అయినా వస్తా. సంగటి ఉంటాదా?

చట్టీ_గరిటె
ఉంటాది. పుల్లటి మామిడికాయలు మాత్రం ఎవరన్నా తెండి, ఇక్కడివి తియ్యగా ఉండాయి.

సిల్క్‌బోర్డు_స్టీరింగ్
శనివారం చిత్తూరు ట్రిప్పుంది. మామిడికాయలు నేను తెస్తా.